కాంటా బంద్

ముసురు పట్టి మూడొద్దులాయె.
ఏనుమాముల యార్డు బంద్.
"ఓదేలన్నా, కాంటా వంద గ్రాములు అబద్ధమాడుతున్నది, జల్ది రా" అనే
అడ్తి గుమస్తాల ఫోన్లు లెవ్వు.
కరీమాబాదుల మా రేకుల కింద
కుర్చీ కాలుకు అట్టముక్క వెట్టి కూసున్న.
ఊరందరి తక్కెడలు సరిజేస్త, నా కుర్చీ మాత్రం
ఎప్పుడు చూసినా తూర్పుకే మొగ్గుతది.

ఫోన్ల మొదటి వార్త: సోడియం బ్యాటరీ.
ఉప్పుల ఉన్న సోడియమే.
పొయ్యికాడికెల్లి స్వరూప ఇన్నది.
"గట్లయితే మామిడికాయ జాడీకి వైరు తగిలియ్యి,
బల్బు వెలుగుతదేమో."
వెలుగుతదా?
చూద్దామని పోతుంటే నడుమల ఒక మాట కాలికడ్డం పడ్డది:
'కిలోకు ఇంత కరెంటు'.

కిలో.
ముప్పై ఏండ్ల సంది దాని మీదనే బతుకుతున్న.
అసలు నువ్వెవరివని
ఒక్కనాడన్న అడిగిన్నా?

పారిస్ పక్కన ఓ నేలమాళిగ అట.
గాజు బోను మీద గాజు బోను,
లోపల బొటనవేలంత లోహపు ముద్ద.
మూడు తాళాలు, ముగ్గురి దగ్గర.
నూరేండ్లకు పైన లోకానికంత అదే కిలో.
ఒకనాడు తీసి తోడబుట్టినవాటితోని జోకితే
ఏలిముద్రంత తేడా వచ్చిందట.
అది తగ్గిందా, అవి పెరిగినయా
చెప్పెటోడు లేడు.
తనే కిలో అయినంక
తప్పు తనదని ఎట్లంటరు?
ఇప్పుడు దాన్ని పని మాన్పించి
కిలోను ఒక అంకెల దాచిన్రు.
తుప్పు వట్టదు, దొంగలెత్కపోరు.

నేను లేచి మా నాయిన ఇనుప రాయి బోర్లేసి చూసిన.
అడుగున బొక్క, బొక్కల సీసం,
సీసం మీద సర్కారు ముద్ర.
రాయి అరిగితే చుక్క సీసం కరగబోసేది,
బరువైతే గీకేది.
ఆ గీకుడు సప్పుడు ఇంకా నా పండ్ల నడుమ ఉన్నది.

ఆడికెల్లి గడియారాల మీద పడ్డ.
జానెడు ఎత్తు లేపితే చాలట,
కొత్త గడియారాలు అంతకే తొందరపడతయట.
పైన కాలం జర జోరుగ నడుస్తది, కింద జర నిదానం.
మేడ మీద కిరాయికుండే రమాదేవి
ఆరేసిన బట్టలు తీయనీకి వస్తే చెప్పిన.
ఆమె నోట్ల పిన్నీసు తీసి, "అందుకేనా ఓదేలన్నా,
ఏ జాకెట్టూ చెప్పిన రోజుకు కుట్టలేకపోతున్న" అన్నది.
రేపు మిషను కిందికి దింపుతదేమో.

గిన్నప్ప వచ్చింది, నాలుగు చిల్లులతోని,
చిల్లుచిల్లుకు నూనె.
ఒక చేత తినుకుంట, ఒక చేత దునుముకుంట
సముద్రం అడుగున తెగిన తీగె కాడికి పోయిన.
ఓడ మీద కూసొని అద్దం కింద
ఎంటికంత పోగులు రెండు అతికించే మనిషి ఫోటో.
ఆయన పేరు రాయలే. చేతులే ఉన్నయి.
చాలసేపు ఆ చేతులే చూసిన.

అప్పుడు పుట్టింది ఈ పిచ్చి ప్రశ్న:
ఇంత సదువు ఎక్కినంక ఫోను బరువు పెరుగుతదా?
లెక్క ప్రకారం మారొచ్చు అని ఎవరో రాసిన్రు.
సున్నా పక్కన సున్నాలు, చూస్తుంటే కండ్లు అలికినట్టయినయి.
రిపేరుకొచ్చిన గిర్మాజీపేట భద్రాచారి బంగారం కాంటా తీసి
పంకా బందు వెట్టి, ఊపిరి బిగవట్టి జోకిన.
నూట తొంభై ఒకటి పాయింట్ మూడు ఆరు.

దీపాలు వెట్టేదాక సదివిన.
మళ్ల జోకిన.
పాయింట్ మూడు ఏడు!
"స్వరూపా!" అని ఒర్లిన.
ఆమె వచ్చింది, కాంటా దిక్కు చూడలే, ఫోను దిక్కు చూసింది.
కొంగుతోని తుడిచి పెట్టింది.
పాయింట్ మూడు ఆరు.

"పొద్దంత సదివి ఏం సంపాయించినవు?"
"గిన్నప్ప నూనె."
ఆమె నవ్వుకుంట పోయి, గుమ్మంల ఆగి అడిగింది:
"ఇంతకు ఆ జాడీ బల్బు వెలుగుతదా, వెలగదా?"

పొద్దటి వార్త సగంలనే ఉన్నది.
ఛార్జింగు రెండు.
రేకుల మీద వాన మళ్ల మొదలైంది.